గట్టిమేళం, ఓవర్

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం అంటూ ఉండేది కాదు. ఇరవై రెండేళ్ళ వయసు, చేతిలో ఎలక్ట్రానిక్స్ డిగ్రీ, బెంగుళూరు మారతహళ్ళిలో ఒక పీజీ గదిలో కిటికీ పక్క మంచం. లోకం మీద అభిప్రాయాలు చెప్పడానికి మనిషికి ఇంతకంటే ఏం కావాలి? ఇప్పుడు తలచుకుంటే, నాకు వచ్చిన పనులకంటే వచ్చునని చెప్పిన పనులే నా బతుకును ఇంతదూరం లాక్కొచ్చాయి. (నిజంగా వచ్చినవి రెండే: పరీక్ష ముందు రోజు చదవడం, పక్కవాడి షాంపూ అడక్కుండా వాడటం.) బ్రూక్‌ఫీల్డ్‌లోని కంపెనీలన్నీ వరసగా "మేమే ఫోన్ చేస్తాం" అని సాగనంపాక, పెళ్ళిళ్ళు చేయించే ఒక చిన్న కంపెనీకి ఇంటర్వ్యూకి వెళ్ళాను. దాన్ని నడిపే విజయవాడావిడను అందరూ మేడమ్ అనేవాళ్ళు. ఆవిడ నా కాగితం చూసి, "ఈసీఈ నా? అయితే వాకీటాకీలు హ్యాండిల్ చేస్తావా?" అని అడిగింది. "అవే కదండీ మా సబ్జెక్టు" అన్నాను. అప్పటికి నేను వాకీటాకీని దగ్గరగా చూసింది ఒక్కసారే, ట్రాఫిక్ పోలీసు నా బండి ఆపినప్పుడు.

చేరిన కొత్తలోనే ఆనేకల్ దారిలో ఒక పెద్ద పెళ్ళి తగిలింది. దాన్ని కల్యాణ మండపం అనకూడదట, కన్వెన్షన్ హాలు అనాలట. కింద రెండంతస్తుల పార్కింగు, దాని మీద భోజనాల హాలు, ఆ మీద పెళ్ళి హాలు, ఆ పైన విడిది గదులు. పార్కింగులో ఫోన్లు పలకవు, పైన పలికినా పెళ్ళి సందట్లో ఎవరూ ఎత్తరు. అందుకని మేడమ్ వాకీటాకీలు అద్దెకు తెప్పించి, వాటికి తోడు టెర్రస్ మీద ఒక రిపీటర్ పెట్టించింది. లైసెన్సు కాగితాల సంగతి అద్దె దుకాణం వాళ్ళు చూసుకున్నారు. మిగిలినదంతా నా నెత్తిన పడింది. "ఈ పెళ్ళి క్లీన్‌గా అయితే నీ జాబ్ కన్ఫర్మ్. లేదంటే సారీ" అంది మేడమ్. కన్ఫర్మ్ కాకపోతే నరసరావుపేటలో మా మామయ్య ఎరువుల కొట్లో కూర్చోవాలి. కూర్చోవడానికి నాకేం అభ్యంతరం లేదు గానీ, ఆయన కొట్టుకొచ్చిన ప్రతి మనిషి ముందూ "బెంగుళూరు ఎట్లా ఉందిరా?" అని నన్ను అడుగుతాడు.

పెళ్ళికి ముందురోజు పార్కింగులో అందరినీ నిలబెట్టి పాఠం చెప్పాను. (నేను దాన్ని నేర్చుకున్నది ఆ పొద్దున బస్సులో, వీడియోలు చూసి.) సెట్టు నిలువుగా పట్టుకోండి, యాంటెన్నా పట్టుకుని లాగకండి, నోటికి బెత్తెడు దూరంలో ఉంచండి, నమలకండి. రెండు సెట్లు పక్కపక్కన పెట్టుకుని మాట్లాడితే కుయ్యోమంటాయి, దూరం జరగండి. బటన్ నొక్కగానే గబుక్కున మొదలెట్టకండి, ఒక గుక్క ఆగండి, లేకపోతే మీ మొదటి మాటను రిపీటర్ మింగేస్తుంది. రిపీటర్ అంటే ఏమిటని పార్కింగు చూసే ఆయన అడిగాడు. మా వీధిలో ఒక అత్తయ్య ఉండేదనీ, ఒక ఇంట్లో గొణిగిన మాటను అందుకుని నలభై ఇళ్ళకు వినపడేలా చెప్పేదనీ, టెర్రస్ మీది పెట్టె చేసేది సరిగ్గా అదేననీ వివరించాను. "ఆయమ్మ మా వీధిలో గూడా ఉండాది" అన్నాడాయన సంతృప్తిగా. చివరగా గొంతు పెంచి అసలు సూత్రం చెప్పాను: చెప్పడం అయ్యాక 'ఓవర్' అని బటన్ వదిలేయండి. నొక్కి ఉన్న సెట్టుకు నోరే గానీ చెవులుండవు. పైగా ఒకడు నొక్కి కూర్చుంటే మిగతా అందరి నోళ్ళూ మూతపడతాయి.

అన్నీ ఎక్కాయి, వదలడం ఒక్కటే ఎక్కలేదు. తప్పు వాళ్ళది కాదు. మన మర్యాదలో మాట ముగించే బాధ్యత ఎప్పుడూ అవతలివాడిదే. "పాల వ్యాను వచ్చిండాదాప్పా, ఓవర్" అని వంటగది అడిగేది. "వచ్చిండాదప్పా, ఓవర్" అని పార్కింగు. "సరేప్పా, ఓవర్." "ఊఁ, సరేప్పా, ఓవర్." "మరి ఉంటానప్పా, ఓవర్." "టిఫిన్ అయ్యిందాప్పా, ఓవర్." ఈలోపు విడిది గదుల్లో వేన్నీళ్ళు రావడం లేదని చెప్పాలనుకున్న మనిషి సెట్టు పట్టుకుని తన వంతు కోసం నిలబడే ఉండేవాడు, తడి తలతో ఒక పెద్దాయన అతని వెనకాల నిలబడి ఉండేవాడు.

ఇక మేళం సంగతి. మన పెళ్ళిళ్ళలో ముహూర్తం గడియకు పంతులుగారు చూపుడువేలు లేపి ఆడిస్తారు, మేళంవాళ్ళు అది చూసి గట్టిమేళం అందుకుంటారు, ఆ హోరులో తుమ్ములూ దగ్గులూ తగవులూ ఏవీ వధూవరుల చెవిన పడవు. ఎన్నో తరాలుగా ఒక్క వేలితో నడిచిపోయిన ఏర్పాటు ఇది. కానీ ఇక్కడ వీడియోగ్రాఫరు తన ఫ్రేములో మేళం కనపడకూడదన్నాడు. దాంతో మేళాన్ని అద్దాల తలుపుల అవతల వరండాలో కూర్చోబెట్టారు. వాళ్ళ పాట మైకులోంచి హాల్లోకి వస్తుంది గానీ హాల్లో అరిచినా వాళ్ళకు వినపడదు. సరే, అద్దంలోంచి వేలు కనపడుతుంది కదా అనుకుంటే, డెకరేషన్ వాళ్ళు ఆ అద్దానికి అడ్డంగా పూలగోడ ఒకటి నిలబెట్టారు. "నో ప్రాబ్లమ్, మనకు వైర్‌లెస్ ఉంది" అంది మేడమ్ నావైపు చూసి. అలా పంతులుగారి వేలికీ మేళానికీ మధ్య, టెర్రస్ మీదుగా, నేను వెలిశాను.

నాదస్వరం ఆయనకు రెండు చేతులూ ఖాళీ ఉండవు. డోలాయనకూ ఉండవు. కానీ డోలాయన సెట్టు తీసుకుని తొడ మీద పెట్టుకుని, పైన డోలు ఆనించుకున్నాడు. "వినపడదండీ" అన్నాను. "చెవులెందుకప్పా, తొడకు తెలుస్తాది" అన్నాడు. పరీక్షించి చూద్దామని పైనుంచి బటన్ నొక్కి, ఒక గుక్క ఆగి, "గట్టిమేళం, ఓవర్" అన్నాను. నిజంగానే తెలిసింది. మేళం ఒక్కసారిగా భోరుమంది. అక్షతలకోసం చివర్లో తొక్కిసలాట ఉండకూడదని మేడమ్ ముందే అందరికీ చిన్న పొట్లాలు పంచింది. గట్టిమేళం చెవిన పడితే మన చెయ్యి మన మాట వినదు. కింద భోజనాల హాల్లో సాయంత్రం కాఫీ తాగుతున్న చుట్టాలంతా గ్లాసులు వదిలి, ఎదురుగా ఎవరుంటే వాళ్ళ మీద అక్షతలు చల్లేశారు. మళ్ళీ పొట్లాలు కట్టించాల్సి వచ్చింది.

ఆ హడావుడి విని పెళ్ళికూతురి అవ్వ నన్ను పిలిపించింది. సన్నగా, నిటారుగా, ఎవరికీ భయపడని మనిషి. పక్క కుర్చీలో తాత కూర్చుని, ఎవరో ఒకాయనకు ఒకప్పటి బోరుబావి గురించి చెబుతున్నాడు.

"ఆ మిషన్ నీదేనా పిల్లోడా?" అంది అవ్వ.

"నాదే అవ్వా. రేపు గట్టిమేళం దీంతోనే."

"గడియ తప్పదు గదా? నా పెండ్లిలో మేళమోడు బీడీ తాగేదానికి పోయినాడప్పా. జీలకర్ర బెల్లం పెట్టే గడియలో మా మేనత్త తుమ్మె. సత్రమంతా ఇనపడె."

"తరవాత ఏమైంది అవ్వా?"

అవ్వ గడ్డంతో తాతను చూపించింది. తాత బోరుబావిలో ఇంకా నీళ్ళు పడలేదు. "ఆ పొద్దు మొదలుపెట్టినాడు, ఇంగా మాట్లాడతానే ఉండాడు. నేను చెప్పేది ఒగనాడన్నా ఇన్లేదు" అంది. తరవాత నా మణికట్టు పట్టుకుంది. "నా మనవరాలికి ఈ గతి రాగూడదు. మాట ఇయ్యి." ఇచ్చాను. మాట ఇవ్వడం ఆ రోజుల్లో నాకు పక్కవాడి షాంపూ వాడినంత తేలిక.

మర్నాడు పొద్దున పెళ్ళి హాలు నిండిపోయింది. మంత్రాలు సాగుతున్నాయి, వరండాలోంచి మెత్తగా నాదస్వరం వస్తోంది, నేను పూలగోడ పక్కన సెట్టు పట్టుకుని సరిహద్దు జవానులాగా నిలబడ్డాను. పీటల దగ్గర పెళ్ళికొడుకు మేనమామ ఉన్నాడు. ఆయనకు పూలు పడవట. పొద్దుటినుంచి ముక్కు రుమాలులో పెట్టుకునే తిరుగుతున్నాడు. ముహూర్తం దగ్గరపడేకొద్దీ ఆయన ముక్కు ఎర్రబడుతోంది, అవ్వ పంతులుగారిని వదిలేసి ఆ ముక్కునే చూస్తోంది. సరిగ్గా అప్పుడు నా సెట్టులో నాదస్వరం వినపడింది. హాలు మైకులో వచ్చే పాటే, నా చేతిలోంచి కూడా వస్తోంది. పాట ఆగాక డోలాయన గొంతు వచ్చింది: "కేసరిబాత్ బాగుండాది. ఉప్పిట్టు మాత్రం ఉడకలేదప్పా. వంటాయనకు చెయ్యి లేదు, సుమ్నే ఊరికే గరిట తిప్పుతాడు."

డోలు బరువుకు తొడమీది సెట్టు బటన్ నొక్కుకుపోయింది. పార్కింగులో, వంటగదిలో, విడిది గదుల్లో, అందరి సెట్లలోనూ ఉప్పిట్టు (మన ఉప్మానే) గురించి డోలాయన అభిప్రాయమే. మేళంవాళ్ళకు చెప్పాలంటే రేడియో కావాలి, రేడియోను పట్టుకున్నది వాళ్ళే. నొక్కాను, ఒక గుక్క ఆగాను (అంత కంగారులోనూ ఆగాను, ఆ ఒక్కదానికీ నన్ను మెచ్చుకోవాలి), "బటన్ వదలండి, ఓవర్" అన్నాను. "చట్నీ పర్వాలే" అన్నాడు డోలాయన.

పంతులుగారి కుడిచెయ్యి కదిలింది. చూపుడువేలు లేచింది. నేను సెట్టులో "గట్టిమేళం గట్టిమేళం" అని మొత్తుకుంటున్నాను, నాదస్వరం ఆయన తీరిగ్గా ఇంకో కీర్తన ఎత్తుకున్నాడు. వధూవరుల చేతులు ఒకరి తలమీదికొకరివి వెళుతున్నాయి. మేనమామ నోరు తెరిచి, కళ్ళు మూసుకుని, తల వెనక్కి వాల్చాడు. అవ్వ నావైపు చూసింది. వరండాకు వెళ్ళాలంటే కిందికి దిగి భోజనాల హాలు చుట్టి రావాలి, అంత వ్యవధి లేదు. పూలు కాస్త పక్కకు తప్పించి, సందులోంచి చెయ్యి ఊపుదామని కుర్చీ ఎక్కి, పూలగోడలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చాను. లోపల చట్రం ఏదో తగిలింది. పట్టుకున్నాను. కుర్చీ జారింది.

గోడ మొత్తం నాతోపాటు వచ్చేసింది. పెళ్ళిపీటల వైపు పడకపోవడం ఆ వధూవరుల అదృష్టం, నా మీద పడటం నా కర్మ. ఆ చప్పుడుకు హాలంతా అదిరింది, మేనమామ తుమ్ము అందులో ఎక్కడో కలిసిపోయింది. అడ్డం తొలగిన అద్దంలోంచి డోలాయనకు ఎదురుగా పంతులుగారి వేలు కనపడింది. ఆయన చెయ్యి తనంతట తానే లేచింది. అలాంటి గట్టిమేళం నేను మళ్ళీ వినలేదు. పైగా బటన్ ఇంకా నొక్కుకునే ఉంది కదా, ఆ మేళం రిపీటర్ ఎక్కి అన్ని అంతస్తులకూ పోయింది. వంటవాళ్ళు పాయసం మీద అక్షతలు వేశారు. పార్కింగు ఆయన అప్పుడే లోపలికొస్తున్న ఒక తెల్లకారుమీద వేశాడు. విడిది గదిలో మాత్ర వేసుకుంటున్న ఒక పెద్దాయన తన భార్యమీదే వేశాడట, ఆవిడ సిగ్గుపడిందట. పూలకింద పడుకుని, సెట్టు పైకెత్తి పట్టుకుని నేను "ఓవర్, ఓవర్" అంటున్న దృశ్యం మాత్రం వీడియోగ్రాఫరు ఫ్రేము సరిగ్గా మధ్యలో ఉంది.

మేడమ్ మెట్లెక్కి వచ్చింది, ఆవిడ వెనకే గరిటతో వంటాయన వచ్చాడు (ఆయన వచ్చింది డోలాయన కోసం). మేడమ్ నన్నూ, గోడనూ చూసి, "నువ్వు రేపట్నుంచి" అని మొదలుపెట్టింది. ఆ వాక్యాన్ని అవ్వ పూర్తి కానివ్వలేదు. "ఎవురికన్నా తుమ్ము ఇనపడిందా?" అని చుట్టూ చూసి అడిగింది. ఎవరికీ వినపడలేదు. "ఈ పిల్లోడు నాకు మాట ఇచ్చినాడు. గోడ పడగొట్టి నిలబెట్టుకున్న్యాడు. ఇట్లాంటోన్ని పనిలోంచి తీసేస్తారామ్మా? మా ఇంట్లో ఇంగా పెండ్లి కావాల్సిన పిల్లోళ్ళు ఉండారు, మళ్ళ మీ దగ్గరికే వస్తాము" అంది. మేడమ్ నా చేతిలోంచి సెట్టు మాత్రం తీసుకుంది. ఉద్యోగం అలా కన్ఫర్మ్ అయింది.

భోజనాలప్పుడు అవ్వ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మిషన్ ఎందుకు పనిచేయలేదో చెప్పమంది. బటన్ నొక్కి ఉన్నంతసేపూ వాళ్ళు మాట్లాడుతూనే ఉంటారనీ, అప్పుడు మనం ఎంత మొత్తుకున్నా వాళ్ళకు వినపడదనీ చెప్పాను. అవ్వ ఆకులో చెయ్యి ఆపి, అటుపక్క బోరుబావి ముగించి ఇప్పుడు మోటారు సంగతి చెబుతున్న తాతను చాలాసేపు చూసింది.

"అయితే ఈయప్పకు ఆ బటన్ యాడ ఉండాదో నువ్వన్నా చూసి చెప్పప్పా" అంది.

ఇప్పుడు నాకు సొంతంగా చిన్న కంపెనీ ఉంది. ప్రతి పెళ్ళి ముందురోజూ పార్కింగులో కొత్తవాళ్ళను నిలబెట్టి అదే పాఠం చెబుతాను. నొక్కండి, ఒక గుక్క ఆగండి, చెప్పండి, వదలండి. మేళానికి మాత్రం రేడియో ఇవ్వను, వేలు కనపడేచోట కూర్చోబెడతాను. ఇంటికెళ్ళాక ఆ పెళ్ళి సంగతులన్నీ మా ఆవిడకు చెప్పడం మొదలుపెడతాను. భోజనం అయిపోతుంది, కంచాలు సింకులోకి వెళ్ళిపోతాయి, నేను ఇంకా డెకరేషన్ దగ్గరే ఉంటాను. అప్పుడు ఆవిడ చూపుడువేలు లేపి, పంతులుగారిలాగా మెల్లగా ఆడిస్తుంది. ఎలక్ట్రానిక్స్ చదివి, అందరికీ వదలమని పాఠం చెప్పే మనిషిని, నవ్వొచ్చి ఆగిపోతాను. ఆగాక తెలుస్తుంది, ఆవిడ కూడా పొద్దుటినుంచీ నాకేదో చెప్పాలని ఎదురుచూస్తోందని.