ఇరాన్ సినిమాలో రాముడు

నోటికి మాటనిచ్చి, మాటకి తమ పేరునే రుచిగా ఇచ్చిన సీతారాములకు ముందుగా దండం.

ఈ ఉదయం బర్మాలో, మా అహ్లోన్ పేటలో మేడమెట్లు దిగుతుంటే ఎవరింట్లోనో తాటిబెల్లం కరుగుతున్న వాసన వచ్చి, చిన్ననాటి నవమి కళ్ళముందు నిలిచింది. మాకు నవమి బర్మావాళ్ళ నీళ్ళ పండగకి కాస్త అటూ ఇటూగా వచ్చేది. వీధినిండా బకెట్లు, గొట్టాలు, తడిసిన లుంగీలు, ఇంట్లో మిరియాల ఘాటెక్కిన పానకం, వడపప్పు, తలుపు సందులోంచి నీళ్ళు జల్లి పారిపోయే పక్కింటి పిల్లలు. బయటికెళితే తడిసిపోతామని చిన్నాన్న మమ్మల్ని కూర్చోబెట్టి డిస్కు పెట్టేవాడు.

ఎప్పుడూ ఒకే ఇరాన్ దర్శకుడి సినిమాలు. ఆయన మొదట్లో ఊరి చివరి పేదల కథలు తీసి, తరవాత నగరంలోకి వచ్చాడు. ఇరుకు ఫ్లాట్లు, మెట్లమీద తగవులు, చిన్న అబద్ధంతో విడిపోయే మొగుడూ పెళ్ళాలు, అచ్చం మా మేడలాగే. ఆ పిచ్చిలో పడి చిన్నాన్న భజనలో ముందు పాడటం మానేశాడని మామ్మ కొడుకుతో మాటలు మానేసింది. ఏం చెప్పాలన్నా నాతోనే. "మీ కో సినిమాని అన్నానికి రమ్మను," అనేది, పేరుముందు 'కో' అని బర్మా మర్యాద తగిలించి ఎగతాళిగా.

ఒక నవమినాడు, సినిమాలో ఏడుస్తున్న భార్యతో భర్త "ఆరామ్, ఆరామ్" అన్నాడు. నెమ్మదించమని వాళ్ళ భాషలో. వంటింట్లోంచి మామ్మ గరిటెతో వచ్చేసింది.

"ఒరే, ఆడేటిరా, రాముణ్ణి పిలుస్తన్నాడు?"

చిన్నాన్న నాకేసి కన్నుగీటాడు. "అవునమ్మా. కష్టమొస్తే ఆళ్ళూ ఆయన్నే పిలుస్తారు."

"మరి నువ్వెందుకురా మానీసినావు?" అంటూనే కూర్చుంది.

అప్పట్నించీ ఆ దర్శకుడి కొత్త సినిమా అంటే మామ్మే ముందు. 'ఆరామ్' అని వినబడగానే చేతులు జోడించేది. చిన్నాన్న మాత్రం భజనకి వెళ్ళలేదు. దర్శకుడికి పెద్ద బహుమతులొచ్చాయి. పరదేశం వెళ్ళి అక్కడి భాషలో సినిమా తీశాడు. అప్పటికి మామ్మకి చూపు ఆనడం లేదు. చివరిదాకా చెవి ఒగ్గి కూర్చుంది.

"ఈపాలి రాముడు రానేదేటిరా?"

చిన్నాన్న టీవీ కట్టేసి, ఆమె మోకాళ్ళ దగ్గర కూర్చుని, ఏళ్ళ తరవాత గొంతెత్తి రామనామం పాడాడు. తప్పిన చోటల్లా మామ్మ అందించింది.

ఇద్దరూ ఇప్పుడు లేరు. చిన్నాన్న సినిమా డిస్కులు కొనే వీధి బళ్ళూ లేవు. ఆ దర్శకుడు ఇంకా తీస్తూనే ఉన్నాడు. నేను ఫోనులో ఒక్కదాన్నే చూస్తాను. శనివారం భజనలో ముందు పాడేది నేనే. అందుకునే గొంతులు తగ్గిపోయాయి. పిల్లలకి తెలుగు అర్థమవుతుంది గాని నోరు తిరగదు. చదివే అమ్మలూ అయ్యలూ, ఎక్కడున్నా సరే, ఈ శనివారం పొద్దుగూకే వేళ ఒక్కసారి రామా అనండి. మా వెనక అందుకున్నారనే అనుకుంటాం.