బయట గొళ్లెం పెట్టిన తలుపు

ఆ సినిమాలో మా అమ్మ కనిపించదు. అయినా ఆమె కోసమే దాన్ని ఫోనులో పెట్టుకుని చూస్తుంటాను. అమ్మ పోయి ఏడాది దాటింది. ఇంట్లో ఫొటోలు ఉన్నాయి గానీ, ఆమె నడిచేదీ మాట్లాడేదీ ఒక్క వీడియో కూడా లేదు. ఎవరైనా ఫోను ఎత్తితే చాలు, "నా మొకమేంది తీస్తవ్, పో" అని కొంగు అడ్డం పెట్టుకునేది. కదులుతున్న అమ్మను ఒక్కసారి చూడాలని ఉంది నాకు. అంతకంటే పెద్ద కోరిక ఏదీ లేదు.

నాంపల్లి స్టేషన్ వెనక మా బస్తీకి షూటింగ్ వాళ్లు వచ్చినప్పుడు నేను కాలేజీలో చదువుతున్నాను. కథ మా గురించేనట. అంటే ఇంకేముంటుంది, కత్తులు, గంజాయి, నెత్తురు. సినిమా వాళ్ల లెక్కలో మా పోరలకు పొద్దున లేస్తే వేరే పని ఉండదు. నిజానికి ఒకడు బేగంబజార్‌లో మూటలు మోసేవాడు, ఒకడు ఆబిడ్స్‌లో చొక్కాలు అమ్మేవాడు. ఇల్లు చేరేసరికి వాళ్లకు కొట్లాడే ఓపిక కూడా మిగిలేది కాదు.

కొట్లాటలు లేవని కాదు. నల్లా దగ్గర, క్రికెట్ దగ్గర కాలర్లు పట్టుకునేవాళ్లు. ఒకసారి కత్తి కూడా బయటికొచ్చింది. అప్పుడు మా ఆడవాళ్లెవరూ తలుపులు వేసుకోలేదు. అమ్మ చేతిలో చీపురుతోనే మధ్యలోకి వెళ్లి, "ఎవని కొడుకువురా నువ్వు?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు చెబుతూ కత్తి ఎత్తడం ఎవడివల్లా కాదు. వాడు తల దించుకుని తండ్రి పేరు చెప్పాడు.

డైరెక్టర్‌కు ఇవన్నీ తెలియవు పాపం. కొట్లాట మొదలవగానే ఆడవాళ్లంతా భయపడి తలుపులు వేసుకోవాలని చెప్పాడు. అందరూ వేసుకున్నారు. రౌడీ వేషం వేసిన కుర్రాడు హీరో దెబ్బకు మా గడప ముందు పడ్డాడు. మొహమంతా రంగు నెత్తురు. అమ్మ చెంబుతో నీళ్లు పట్టుకుని బయటికొచ్చేసింది.

"లే బిడ్డా. ఎవరి కొడుకువు? అన్నం తిన్నవా?"

కట్ అన్నారు. అందరం నవ్వాం, ఆ కుర్రాడితో సహా. ఇదంతా ఉత్తుత్తిదేనని ఆమెకు నచ్చచెప్పారు. "ఔ, నాకెర్కనే" అంది. మళ్లీ తీశారు, మళ్లీ వచ్చింది. ఫోనుకే మొహం దాచుకునే మనిషి, అంత పెద్ద కెమెరా ముందు కొంగు జారింది కూడా చూసుకోలేదు.

"ఎర్కనే గాని సార్, గాడ పిల్లగాడు పడ్డంక లోపట ఎట్ల కూసుంట?"

డైరెక్టర్ తల పట్టుకున్నాడు. మూడోసారికి షూటింగ్ వాళ్లలో ఒకతను మా తలుపుకు బయట గొళ్లెం పెట్టాడు. షాట్ ఓకే అయింది. తలుపు ఊగడం బాగా వచ్చిందని డైరెక్టర్ మెచ్చుకున్నాడు కూడా.

సినిమా వచ్చాక అమ్మా నేనూ ఆబిడ్స్‌లో హాలుకు వెళ్లాం. ఆ సీనుకు ఈలలే ఈలలు. కుర్రాడు పడ్డాడు. వాడి వెనక మా తలుపు గడగడా ఊగింది. వెనక సీట్లో ఎవరో "లోపలోళ్లు ఎట్ల వణుకుతున్నరో చూడు" అన్నారు. అమ్మ వెనక్కి తిరిగింది.

"వణుకుడు గాదు బిడ్డా, గొళ్లెం తియ్యమని కొడుతున్న."

నాకు నవ్వాగలేదు. ఇప్పుడు మాత్రం ఒళ్లు మండుతుంది. ఆ కుర్రాడికి సినిమాలో పేరు లేదు, తల్లి లేదు, పడ్డాక లేపేవాళ్లు లేరు. లేపడానికి వచ్చిన మనిషిని తలుపు వెనక ఉంచి, బస్తీ అంటే ఇదేనని లోకానికి చూపించారు.

అమ్మ బయటికొచ్చిన ముక్కలు ఎక్కడైనా ఉన్నాయేమోనని ఆ సినిమాకు పనిచేసిన ఒకతన్ని వెతికి పట్టుకుని అడిగాను. "అవి అప్పుడే తీసేశామమ్మా, ఎవరు దాచుకుంటారు" అన్నాడు.

సౌండ్ పెంచి వింటాను. ఆ సీనుకు వేసిన డప్పుల మోత కింద ఎక్కడైనా ఆమె గొంతు ఉందేమోనని ఆశ. లేదు. తలుపు మాత్రం ఊగుతుంది. ఊపుతున్నది అమ్మే. నాకు మిగిలిన ఆమె కదలిక అదొక్కటే. ఉండబట్టలేక ఫోను తెరలో ఆ గొళ్లెం మీద వేలు పెడతాను. తాకగానే బొమ్మ ఆగిపోతుంది. తలుపు ఊగడం మానేస్తుంది.