చితి మీద గద్ద

టంకశాలలో అచ్చులు చెక్కే ట్రోఫిమస్ ముప్పై ఏళ్ళలో నలుగురు చక్రవర్తుల ముఖాలు వెండికెక్కించాడు. పుట్టుకతో బానిస. ఉలి పుణ్యమా అని స్వేచ్ఛ వచ్చింది, ఆపైన హెల్పిస్ అనే నోరుగల భార్య వచ్చింది. ప్రభువు గడ్డం కింద వేలాడే కండ ఎంత తగ్గించి చూపాలో రోములో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఆ వేసవిలో పై అధికారి ప్రోక్యులస్ తలుపు గడియపెట్టి మరీ పని చెప్పాడు. "చితి చెక్కు. దాని మీద రెక్కలు విప్పిన గద్ద. పది రోజుల్లో కావాలి."

ట్రోఫిమస్ చేతిలోని ఉలి పక్కన పెట్టాడు. ఆ బొమ్మ చచ్చి దేవుడైన చక్రవర్తి నాణేలకే వేస్తారు. చక్రవర్తి చూస్తే ఆ ఉదయమే రథాల పందెంలో లేచి నిలబడి కేకలు వేశాడు.

"ఎవరి కోసం, దొరా?"

"నీకెందుకురా? నోరు విప్పావో, ముందు కాలేది నువ్వే."

చెబితే ఒక చావు, చెక్కకపోతే ఇంకో చావు. ప్రాణం తీపి, చెక్కాడు. చెప్పుకోవడానికే సిగ్గు గానీ, వణుకుతూ చెక్కిన ఆ గద్దే అతని పనులన్నిటిలోకీ గొప్పది.

"ముద్ద దిగడం లేదేంటయ్యా? దెయ్యం గానీ పట్టిందా?" అంది హెల్పిస్, శనగల గిన్నె ముందుకు తోస్తూ.

"మంచి గద్దను చెక్కానే, ఇవాళే పూర్తయింది. ఎవరితోనూ అనకు." చితి మాట మింగేశాడు.

"నేనెవరితో అంటానూ!"

ఆ రాత్రి తర్వాత పది రోజులు గడిచాయి. చక్రవర్తి స్నానశాలలో జారిపడి పోయాడని చాటింపు వేశారు. మర్నాడే సైనికులకు గద్ద నాణేలు పంచారు.

ఆ మధ్యాహ్నం హెల్పిస్ నీళ్ళ కడవతో మురిసిపోతూ వచ్చింది. "ఒక్క రోజులో ఎలా చేశారో అని అందరూ ఒకటే వింత! నేనూరుకుంటానా? 'మా ఆయన పది రోజుల కిందే చెక్కేశాడమ్మా' అన్నాను. ఒక్కరూ నోరెత్తితే ఒట్టు. రొట్టెలవాడి పెళ్ళామైతే కడవ నిండకుండానే పరుగెత్తింది."

ట్రోఫిమస్‌కు ఆమె మీద కోపం రాలేదు, జాలేసింది. "మీ చెల్లెలింటికి వెళ్ళిపో. ఇప్పుడే."

"ఇప్పుడా? ఎందుకు?"

వీధిలో మేకుల చెప్పుల చప్పుడు వినిపించింది. హెల్పిస్ కిటికీలోంచి తొంగిచూసింది.

"అదిగో, మీ ప్రోక్యులస్ దొరే వస్తున్నాడు! సైనికులు కూడానూ. నీకు బహుమానమేమో," అంటూ గబగబా జుట్టు సర్దుకుంది.