దొరసాని సెంటుకు చింతపండు వైద్యం

మూర్ఖత్వానికి వయసుతో పనిలేదని నిరూపించినవాళ్ళలో నేనొకణ్ణి. ఈ సంగతి జరిగినప్పుడు నా వయసు నలభై రెండు, నా బుద్ధి వయసు పన్నెండు. ఏళ్ళ తరబడి పిల్లలకు సైన్సు చెబుతున్నవాణ్ణి, రూపాయి బిళ్ళకన్నా చిన్న నాణెం ఒకటి పెట్టిన పరీక్షలో ఫెయిలయ్యాను. సప్లిమెంటరీ కూడా ఇవ్వలేదు. చదివి నవ్వడానికి మొహమాటపడకండి. మా తిరువూరులో ఎవరూ పడలేదు.

రూతమ్మ గారు మా మేనత్త. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. ఆమెకు పని నేర్పిన అమెరికా దొరసాని దేశం విడిచి వెళ్ళేటప్పుడు గుర్తుగా "ఒక సెంటు" ఇచ్చిందని మా ఇంట్లో చిన్నప్పటినుంచీ వింటున్నాను. మన వైపు సెంటంటే ఏమిటి? ఎకరంలో నూరో వంతు. కాదంటే చొక్కాకి పూసుకునేది. అత్తయ్య దగ్గర ఎప్పుడూ స్పిరిటు వాసనే తప్ప మరో వాసన వచ్చేది కాదు గనక, ఇది తప్పకుండా భూమేనని తీర్మానించుకున్నాను.

ఒకరోజు అత్తయ్య ఫోన్ చేసి, "దొరసాని ఇచ్చిన సెంటు సంగతి నువ్వే చూడాలిరా నాన్నా" అంది. తిరువూరులో సెంటు ధర ఎంతుందో వేరే చెప్పాలా? ఆధార్ జిరాక్సు, రెండు పాస్‌పోర్టు సైజు ఫోటోలు, ఒక కొలత టేపు పట్టుకుని వెళ్ళాను. అత్తయ్య టేపు వైపు వింతగా చూసి, పౌడరు డబ్బా మూత తీసి, దూదిలో చుట్టిన నాణెం నా అరచేతిలో పెట్టింది. బూడిద కలిసిన తెలుపు. ఒకవైపు గడ్డం పెద్దమనిషి, కింద 1943. రెండోవైపు రెండు కంకుల మధ్య ఇంగ్లీషులో "ఒన్ సెంట్".

అత్తయ్య కొడుకు ప్రకాష్ బావ అక్కడే ఉన్నాడు. బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల షాపు ఆయనది. నా చేతిలోని జిరాక్సు చూశాడు, టేపు చూశాడు, సంగతి గ్రహించి కుర్చీలో కూలబడ్డాడు.

"టేపు తెచ్చావుగా, కొలువు. తూర్పు పడమరలు ఎంతొచ్చాయిరా?"

అత్తయ్య మాత్రం నవ్వలేదు. "వచ్చే ఆదివారం దొరసాని దగ్గర పని నేర్చుకున్నవాళ్ళమంతా కలుస్తున్నాం. అందరి దగ్గరా ఆవిడతో దిగిన ఫోటోలున్నాయి. నా దగ్గర ఇదొక్కటే ఉంది. ఎందుకిలా తెల్లగా ఉందో, దీని విలువేంటో కనుక్కుని చెప్పు. వాళ్ళడిగితే చెప్పాలి కదా" అంది. అంతమంది చుట్టాల్లో సైన్సు మాస్టారినని నన్నే నమ్మింది. ఆ నమ్మకం తలుచుకుంటే ఇప్పటికీ నాకు తలెత్తబుద్ధి కాదు.

ఆ సాయంత్రమే బావ ఒక వీడియో పంపాడు. నలభై మూడు నాటి సెంటు కోట్లు పలుకుతుందని అందులో ఒకాయన అరుస్తున్నాడు. అమెరికా వాళ్ళు సెంటును ముద్దుగా పెన్నీ అంటారని కూడా అందులోనే విన్నాను. మన "పెన్నిధి" అనే మాట బహుశా ఇందులోంచే పుట్టి ఉంటుందని మా బడికి వెళ్ళే ఎ.కొండూరు బస్సులో నిలబడి కనిపెట్టాను. ఆ రోజుల్లో నా పరిశోధనలు అలా ఉండేవి.

బడిలో అయస్కాంతం దగ్గర పెడితే నాణెం టక్కున అతుక్కుంది. అతుక్కుందంటే ఇనుము, ఇనుమంటే దొంగ నాణెం అనుకుని బెంగపడ్డాను. దొరసాని దొంగ నాణెం ఇచ్చిందని అత్తయ్యతో ఏ నోటితో చెప్పను? చివరికి విజయవాడలో పాత నాణేలు అమ్మే ఒకాయన నంబరు సంపాదించి ఫోటో పంపాను. ఆయన వెంటనే ఫోన్ చేశాడు.

"అది స్టీలు సెంటండి. యుద్ధంలో రాగి తూటాలకి కావాల్సొచ్చి, ఆ ఏడు వాటిని స్టీలుతో కొట్టారు. కోట్లు పలికేవి పొరపాటున రాగితో పడ్డవండి. ఇవి బోలెడున్నాయి."

"అయితే దీనికేం రాదాండి?"

"కొత్తదానిలా మెరుస్తుంటే ఏదో కాస్త వస్తదండి."

నిజానికి అక్కడితో నా పని అయిపోయింది. అత్తయ్య అడిగిన రెంటికీ జవాబులు దొరికాయి. కానీ "మెరుస్తుంటే" అన్న మాట నా చెవిలో జోరీగలా దూరింది. కాసుకు లేని దురద మాస్టారికెందుకు? అయినా పుట్టింది. ఆదివారం నాడు నర్సులందరి మధ్యా అత్తయ్య సెంటు తళతళలాడాలి, "మా మేనల్లుడే" అని ఆవిడ చెప్పుకోవాలి.

పాతది మెరవాలంటే మనకు తెలిసిన మందు ఒకటే, చింతపండు. మా ఇంట్లో ఇత్తడి చెంబు దగ్గర్నుంచి గంట వరకూ దానికి లొంగనిది లేదు. మరి స్టీలుకు పులుపు పడుతుందా అన్న అనుమానం నాకూ వచ్చింది సుమండీ. వెంటనే సమాధానం కూడా వచ్చింది. రోజూ పులుసు పోసుకునేది స్టీలు గిన్నెలోనే కదా, ఏ గిన్నెకైనా ఏమైనా అయిందా? ఆ స్టీలు వేరు, ఈ స్టీలు వేరు అని, ఇది పైన జింకు పూత పూసిన ఉత్త ఇనుప బిళ్ళలాంటిదని చెప్పేవాళ్ళు లేకపోయారు. చెప్పవలసినవాణ్ణి నేనే.

పొద్దున్నే చిక్కగా పిసికిన చింతపండు రసంలో దొరసాని సెంటును నానేశాను. చుట్టూ సన్నసన్నని బుడగలు లేచాయి. మురికి పోతోందని మురిసిపోయి బడికి వెళ్ళాను. వెళ్ళి ఏం పాఠం చెప్పానో తెలుసా? ఆమ్లము జింకుతో చర్య జరిపిన హైడ్రోజన్ వాయువు వెలువడును. రెండుసార్లు చదివించాను. మొదటి బెంచీవాణ్ణి లేపి, "బుడగలు ఎందుకొస్తాయిరా?" అని గద్దించాను కూడా.

సాయంత్రం తీసి చూస్తే సెంటు పొయ్యిమీద మాడిన అప్పడంలా నల్లబడి ఉంది. కడిగి, తడిగుడ్డతో తుడిచి పెట్టాను. శనివారానికి గోధుమరంగు తుప్పు మొదలైంది. విజయవాడ ఆయనకు మళ్ళీ ఫోన్ చేశాను.

"ఏం చేశారండీ?"

"చింతపండు పెట్టానండి."

ఆయన చాలా నెమ్మదిగా, "పోపు వెయ్యలేదు కదండీ?" అని అడిగాడు.

ఆదివారం పొద్దున్న అత్తయ్య ముందు నిలబడి మొత్తం చెప్పేశాను. తూటాల సంగతి, రాగి సంగతి, చివరికి చింతపండు సంగతి. ఆవిడ నాణేన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. నర్సు కదా, పుండును చూసినట్టే చూసింది.

"మొదటి రోజే దొరసాని మాకేం చెప్పిందో తెలుసా? ఏ మందు పెట్టాలో తెలియనప్పుడు చేతులు కట్టుకుని నిలబడటమే వైద్యం అని. ఆవిడ బతికుంటే నిన్ను రెండు నెలలు గుడ్డలు ఉతికే పనికి పెట్టేది నాన్నా."

అని, దాన్ని మళ్ళీ దూదిలో చుట్టుకుని బయల్దేరింది. ఆ సమావేశంలో అందరూ ఒకరి ఫోటోలు ఒకరు చూసి పక్కన పెట్టారట. అత్తయ్య నాణెం మాత్రం చేతులు మారుతూ మూడు చుట్లు తిరిగిందట. దొరసానికి కోపం వస్తే ఎలా తిట్టేదో, మధ్యలో తెలుగు మాట దొరక్క ఎలా తడబడేదో, నా వల్ల అందరికీ గుర్తొచ్చి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుకున్నారట. అత్తయ్య ఇది చెబుతూ నా వీపు తట్టింది. ఆ తట్టడంలో క్షమ ఎంతో, దెబ్బ ఎంతో ఇప్పటికీ తేల్చలేకపోయాను.

అందుకని ఆ రోజే ఇష్టదైవం సాక్షిగా ప్రమాణం చేశాను. నాకంటే పెద్దదైన ఏ వస్తువునూ, వయసులో సుమా, ఇకపై చింతపండుతో ముట్టను. ముడితే చింతతోనే ముడతాను.

అయితే ఈ ప్రమాణంలో ప్రకాష్ బావ ప్రస్తావన లేదు. ఆయన షాపుకొచ్చిన ప్రతివాడికీ రీఛార్జితోపాటు నా కథ ఉచితంగా పంచాడు. "పులుసు మాస్టారు" అనే బిరుదు బడి దాకా వచ్చేసింది. వానాకాలం వెళ్ళేసరికి ఆ సెంటు నిండా ఎర్రబారింది. ఒకరోజు అత్తయ్య ముందే దాన్ని బావ చేతిలో పెట్టి, ఇది ఏ రంగంటావు బావా అని మాత్రం అడిగాను. బావ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు. గొంతు తగ్గించాడు.

"పైన తెల్ల పూత నీ పులుసుకి పోయిందిరా. లోపలున్నది రాగి."

"ఏమో బావా. పులుసు మాస్టారికేం తెలుస్తుంది?"

అత్తయ్య నా వైపు ఒక్క చూపు చూసి, చేతులు కట్టుకుని కూర్చుంది. మర్నాడు మంచి గిరాకీ ఉండే సోమవారం. బావ షాపు మూసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, విజయవాడ బస్సెక్కాడు. మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"తుప్పంటరా ఇది" అన్నాడు బావ నీరసంగా. "ఆయన వేలితో రుద్ది చూపించాడు. అక్కడున్న నలుగురూ నవ్వారు."

"అయ్యో."

"నీకు ముందే తెలుసా?"

"ఇనుము తడిస్తే ఏమవుతుందో ఆమాత్రం తెలియదా బావా" అన్నాను. "సైన్సు మాస్టారిని కదా."