బాబా నడక, కోతుల దండు

ఆ దినాలల్ల దేనికి భయపడాల్నో, దేనికి వద్దో తెలువని వయసు మాది. గల్ఫ్ యుద్ధమప్పుడు రియాద్‌ల సైరన్ మోగితే మా క్యాంపుల అందరు మంచాల కిందికి దూరేటోళ్లు, నేను మాత్రం మిద్దెక్కి ఆకాశం దిక్కు చూసేటోన్ని. (ధైర్యం గాదు, బుద్ధి లేకపోవుడు.) అసొంటి నన్ను ఆ తర్వాతి ఎండాకాలం కోతులు గజగజ వణికించినయి. చెప్తే మా ఇంట్ల ఇప్పటికీ ఎవ్వరు నమ్మరు.

నేను ఏసీ మెకానిక్‌ని. యుద్ధం ఆగినంక మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన షేకు, తన ముసలి తండ్రిని (మేమందరం బాబా అనేటోళ్లం) ఎండలు తప్పించనీకి అబ్హా కొండల మీది బంగ్లకు తోలిండు. తోడు నన్నూ, కారు నడిపే కడప భాయినీ పంపిండు. ఎండాకాలమొస్తే సగం రియాద్ ఆ కొండల మీదనే ఉంటది. పొద్దుగాల మంచు కిటికీలకెళ్లి ఇంట్లకొస్తది, సాయంత్రమైతే జనం చెట్ల కింద తివాచీలు పరుచుకొని కాల్చిన మక్కకంకులు తింటరు. ఆగస్టుల స్వెట్టర్ ఏసుకునే ఊర్ల ఏసీ మెకానిక్ బోడగుండోనికి దువ్వెన లెక్క. అందుకే నాకు వేరే పని చెప్పిండు. "బాబాను డాక్టర్ నడవమన్నడు. రోజూ కొండ అంచుదాక నడిపియ్యి. వచ్చే శుక్రవారం వస్త. నడవకుంటే నీకు ఖురూజ్, వీసా రద్దు, సీదా ఇండియా" అని కఫీల్ చెప్తే కడప భాయ్ తర్జుమా చేసిండు. నేనొచ్చి ఏడాది సుత నిండలే. యుద్ధానికే ఇంటికి పోనోన్ని, ముసలాయన నడవలేదని వచ్చిన అంటే ఊర్ల మొఖమెట్ల సూపియ్యాలె?

బాబా నడకంటే చెప్పొద్దు. నాలుగడుగులేసి బండ మీద కూసునేటోడు, ఖర్జూరం తినేటోడు, మళ్ల లేపాల్నంటే నా భుజం విరిగేది. ఎనక కడప భాయ్ కారును నత్త లెక్క నడుపుకుంట వచ్చేటోడు.

శనివారం పొద్దుగాల తొవ్వ పక్క గుట్ట మీద కోతుల మంద కనవడ్డది. మా దిక్కు శనివారం కోతి ఎదురైతే చేతులున్నది పెట్టకుండ పోతరా? కొండగట్టు అంజన్న దగ్గరికి పోయినప్పుడల్ల మా అవ్వ ముందుగాల అరటిపండ్లే కొనేది. నేను కార్లకెళ్లి బాబా అరటిపండ్ల సంచి తెచ్చి, రెండు చేతుల్తోని ఒక పండు పెట్టి దండం పెట్టిన. అవి మన కోతులు కావు. మూతి కుక్కది, జూలు సింహానిది. వాటి పెద్ద మనిషి నా దండాన్ని కూడ చూడకుండ సంచికి సంచే గుంజుకొని పోయిండు.

"ఏందబ్బీ, కోతులకు దండాలు పెడ్తాండావు? రేపు ఇంటికొస్తాయి సూడు" అన్నడు కడప భాయ్.

వచ్చినయి. తెల్లారేసరికి గోడ నిండ అవే. వంటింటి అద్దం పగలగొట్టి రొట్టెలు ఎత్తుకపోయినయి, ఆరేసిన కడప భాయ్ లుంగీని ఒకటి భుజం మీదేసుకొని పోయింది. నేను చీపురు పట్టుకొని తలుపెనక నిలవడ్డ. బాబా ఏం జేసిండనుకున్నరు? కళ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్విండు. నవ్వి, అరటిపండ్లు తీసుకొని, తనంత తనే వాటెంబడి కొండెక్కవట్టిండు. ఆనాటి సంది రోజూ అదే తంతు. ముందుగాల కోతులు, ఎనక బాబా, వాళ్లెనక రొప్పుకుంట నేను. తొవ్వ పొడుగునా బాబా ఏవో ముచ్చట్లు చెప్పేటోడు. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అయినా తలూపేటోన్ని.

శుక్రవారం కఫీల్ దిగిండు. పగిలిన అద్దం చూసిండు, కోతులు పీకిన దానిమ్మ చెట్టు చూసిండు, గోడ మీద దర్జాగ కూసున్న కోతుల పెద్దమనిషినీ చూసిండు. "వీటికి తిండి అలవాటు చేసిందెవడు?" అని గర్జించిండు. ఆ ముక్క మాత్రం నాకు తర్జుమా లేకుండనే అర్థమైంది. కడప భాయ్ మబ్బులు లెక్కవెడుతున్నట్టు పైకి చూసిండు. అప్పుడు బాబా నిమ్మళంగ ఏదో అన్నడు. భాయ్ నా చెవుల గుసగుసలాడిండు. "తానే పెట్టినాడంట. నువ్వు వద్దన్నా ఇన్లేదంట."

తండ్రి మీద గొంతెత్తే అలవాటు ఆ ఇంట్ల లేదు. కఫీల్ కోపం దిగమింగి, నడుస్తున్నవా అని తండ్రిని అడిగిండు. బాబా కొడుకు చెయ్యి పట్టుకొని కొండ అంచుదాక తీసుకపోయిండు. తిరిగొచ్చేటప్పుడు బండ మీద కూలవడ్డది కొడుకే. నా ఖురూజ్ మాట మళ్ల ఎత్తలేదు.

సాయంత్రం నేను కడప భాయ్‌తోని అడిగిపిచ్చిన, బాబా నా కోసం అబద్ధమెందుకు ఆడిండని. బాబా చాయ్ తాగుకుంట చెప్పిండు, భాయ్ తర్జుమా చేసిండు.

"రియాద్‌లో ఇంటినిండా మనుషులుండారంట, తనతో నడిచేవోడు ఒక్కడూ లేడంట. నిన్ను పంపించేస్తే మళ్లీ కుర్చీలో కూలబడేది తానే గదా అంటాండాడు."

నా నౌకరి నిలవాలని ఆ వారమంత అంజన్నకు మొక్కుకున్న పిలగాన్ని యాది చేసుకుంటే ఇప్పుడు నవ్వొస్తది, కొంచెం గుండె సుత బరువైతది. పక్కన నడిచే ముసలాయన గూడ, ఈ పోరడు పోవద్దని దువా చేస్తున్నడని వానికేం తెలుసు.