పాల వేళకు తలుపు తట్టినవాళ్లు

మా బస్సు డిపో వెనక తుక్కు బస్సులు పడేసే చోట తెల్లచీర కట్టుకున్న ఎవరో తిరుగుతారని మావాళ్లు చెప్పుకుంటారు. నేను అక్కడ ఇరవై ఏళ్లుగా మెకానిక్‌ని. ఆ తెల్లచీర మాట ఎత్తినవాణ్ణల్లా నలుగురిలో నిలబెట్టి ఏడిపించేవాణ్ణి. దయ్యం, గాలి అంటే నాకు ఒళ్లు మంట. ఇప్పటికీ అంతే. కానీ పాతబస్తీలోని ఒక లాడ్జిలో మేమున్న ఇరవై రెండు రోజుల సంగతి మాత్రం మింగలేక, కక్కలేక ఉన్నాను. అందుకే రాస్తున్నాను.

పెళ్లైన పదకొండేళ్లకు నా భార్య సునీత కడుపు పండింది. ఏడు నెలలు నిండగానే నొప్పులొచ్చాయి. మా తాండూరు డాక్టరు భయపడి హైదరాబాదు పంపితే, పాతబస్తీలోని ఒక పెద్ద కాన్పుల ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. బరువు కిలోకు కొంచెం పైన. అద్దాల పెట్టెలో పెట్టారు.

ఆరో రోజు సునీతను ఇంటికి పొమ్మన్నారు. పిల్లను మాత్రం ఇవ్వలేదు. తల్లి మూడు గంటలకోసారి వచ్చి పాలు పిండి ఇవ్వాలి, రాత్రయినా పగలైనా సరే, ఈ పిల్లను నిలబెట్టేది ఆ పాలే అని సిస్టరు గట్టిగా చెప్పింది. ఆసుపత్రిలో తల్లులు పడుకునే గది అప్పటికే నిండిపోయింది. మా అక్క ఇల్లు పటాన్‌చెరులో. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు.

సరే, దగ్గర్లో గది చూడాలి. అదేమో రంజాన్ నెల. లాడ్ బజార్ చుట్టుపక్కల ఇసుక వేస్తే రాలనంత జనం. ఫోన్లో చూస్తే చవక గదులన్నీ ఊరి బయట, దగ్గరివి నా జీతానికి అందనంత పైన. ఫోటోలో పాలరాయి మెరుస్తుంది, పోయి చూస్తే కిటికీ కూడా లేని కొట్టు. ఒకచోట నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. కుట్లున్న మనిషిని ఎలా ఎక్కించను? ఇంకోచోట రాత్రిళ్లు గేటు తీసేది లేదన్నారు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా గల్లీ గల్లీ తిరిగాను. ఇంత పెద్ద ఊళ్లో ఒక బాలింతకు మంచం దొరకదా అని ఏడుపొచ్చింది.

చివరికి ఒక గాజుల దుకాణం ఆయన నా చేతిలోని ఆసుపత్రి చీటీ చూసి, వెనక గల్లీలో ఉన్న లాడ్జికి తానే తీసుకెళ్లాడు. ఒకప్పుడు ఎవరిదో పెద్ద ఇల్లట. మేనేజరు డెబ్బై ఏళ్ల పెద్దమనిషి, అందరూ చాచా అంటారు. సంగతి విని, నేను ఇవ్వగలిగినంతే ఇమ్మన్నాడు. లోపలి వరండాలో చివరి గది, మెట్లు ఎక్కే పని లేదు. ఆసుపత్రికి ఐదు నిమిషాల నడక.

ఒక్క మాట మాత్రం ముందే చెప్పాడు. ఉపవాసం ఉండేవాళ్లు తెల్లవారకముందే సహరి తినాలి కాబట్టి, ఈ నెలంతా తానే అన్ని తలుపులూ తట్టి లేపుతాడట. మా తలుపు మాత్రం తట్టొద్దని, బాలింత నిద్ర చెడుతుందని నేను కొంచెం కటువుగానే చెప్పాను. సరేనన్నాడు.

మొదటి రాత్రే మొద్దునిద్ర పోయాం. ఫోన్ అలారం మోగి మోగి ఆగిపోయింది. మూడింటికి పోవాల్సినవాళ్లం ఐదింటికి పోయాం. సిస్టరు కడిగేసింది. సునీత ఆసుపత్రి మెట్ల మీదే కూలబడింది.

"నా బిడ్డను నేనే ఉపాసం పండవెట్టిన," అని ఏడ్చింది.

ఆ రోజు నుంచే తలుపు చప్పుడు మొదలైంది. మెల్లగా, మూడుసార్లు, వేలి ఉంగరం చెక్కకు తగిలినట్టు. సరిగ్గా పాల వేళకు పావుగంట ముందు. సునీత లోపలి నుంచే లేచానని బదులు చెప్పేది. తలుపు తీసేసరికి ఎవరూ ఉండేవాళ్లు కాదు. వద్దన్నా వినకుండా చాచా సహరికి తడుతున్నాడని మొదట గొణుక్కున్నాను. పొద్దున తొమ్మిదికీ, పన్నెండుకూ కూడా తట్టేసరికి, సునీతే వెళ్లి లేపమని ఆయన్ను బతిమాలుకుని ఉంటుందనుకున్నాను. నేను చెప్పిపెట్టానని సునీత అనుకుంది. కుట్ల నొప్పి, నిద్రలేమి, పిల్ల బెంగ. మాకు దాని గురించి మాట్లాడుకునే తీరిక లేదు.

లాడ్జికి వచ్చిన తొమ్మిదో రోజు మధ్యాహ్నం. పన్నెండింటి పాలు ఇచ్చి వచ్చాం. ఎండ మండిపోతోంది. పక్క గదులవాళ్లంతా బజారుకు పోయారు. చాచా నమాజుకు పోతూ వరండా గేటు లోపలి నుంచి వేసుకోమంటే, గొళ్లెం నేనే పెట్టాను. సునీత అప్పుడే కన్ను మూసింది. టైం రెండు కూడా కాలేదు, తలుపు చప్పుడు.

నాకు చిర్రెత్తింది. "ఇంక గంట టైమున్నది. జర పండుకోనియ్యరా మనిషిని?" అని మంచం మీది నుంచే కసిరాను.

చప్పుడు ఆగలేదు. ఈసారి మూడుసార్లు కాదు, ఆపకుండా, అరచేత్తో బాదినట్టు. వెళ్లి తలుపు తీశాను. వరండాలో ఎండ తప్ప ఏమీ లేదు. వెనక్కి తిరిగితే సునీత అప్పటికే జుట్టు ముడేసుకుని చెప్పులు తొడుక్కుంటోంది. ఎందుకో పానం కొట్టుకుంటోంది, పోదాం పదమంది. గేటుకు నేను పెట్టిన గొళ్లెం పెట్టినట్టే ఉంది. తీసి బయటపడ్డాం. ఆ హడావిడిలో అది నా బుర్రకెక్కలేదు.

పిల్లల వార్డులో సిస్టరు ఇంకో పిల్లకు సూది పెడుతోంది. నన్ను లోపలికి రానివ్వరు, అద్దం ఇవతల నిలబడ్డాను. సునీత పెట్టెలోకి ఒక్క క్షణం చూసి, "సిస్టర్, నా బిడ్డ ఊపిరి తీస్తలేదు," అంది. గట్టిగా కూడా అనలేదు.

పిల్ల పెదాలు నేరేడు పండు రంగుకు తిరిగాయి. కాలు ఆడించినప్పుడు జారిందేమో, ఊపిరి ఆగితే మోగాల్సిన మెషిన్ తీగ పాదం నుంచి ఊడి ఉంది. సిస్టరు పరుగున వచ్చి అరికాళ్లు తట్టి, వీపు రుద్ది, ఆక్సిజన్ పెట్టింది. డాక్టరమ్మ వచ్చింది. ఎంతసేపో తెలియదు. చివరికి పిల్లికూనలా ఒక్క ఏడుపు. అంత హాయైన చప్పుడు నా జన్మలో వినలేదు. నెలలు నిండని పిల్లలు ఒక్కోసారి ఊపిరి తీయడం మరిచిపోతారట. సమయానికి చూశారని డాక్టరమ్మ సునీత భుజం తట్టి, పిల్లను తల్లి గుండె మీద పడుకోబెట్టింది. సునీత సాయంత్రం దాకా కదల్లేదు.

లాడ్జికి రాగానే చాచా ముందు చేతులు జోడించాను. లేపడానికి వస్తే కసిరానని, మనసులో పెట్టుకోవద్దని అన్నాను. ఆయన వింతగా చూశాడు.

"బేటా, మీ దర్వాజా నేను ఒక్కనాడు గూడ కొట్టలే. నువ్వే వద్దంటివి గదా."

సునీత నా వంక చూసింది, నేను సునీత వంక చూశాను. నువ్వు చెప్పలేదా అంటే నువ్వు చెప్పలేదా అనుకున్నాం. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆ గొళ్లెం. మాకంటే ముందు ఈ గదిలో ఎవరుండేవారని చాచాను అడిగాను.

"పాత ఇల్లు బేటా. ఎందరో పుట్టిన్రు, ఎందరో పోయిన్రు. ఎవరని చెప్పాలె?"

గది మారుస్తానన్నాడు. సునీత ఒప్పుకోలేదు. చప్పుడు ఆ తర్వాతా వచ్చింది, ఒక్క వేళ కూడా తప్పలేదు. చెక్క ఎండకు బిగుసుకుందేమో, పావురమేమో అని అన్నీ చూశాను. చప్పుడు విని ఇంజన్ రోగం చెప్పే పని నాది. అది మనిషి చెయ్యే, అదీ ఆడమనిషి చెయ్యి. రెండుసార్లు తలుపు బార్లా తీసి కాపలా కూర్చున్నాను. ఆ రెండుసార్లు మాత్రం చప్పుడు రాలేదు. ఎవరో పెద్దావిడను చాటుగా పట్టుకోవాలని చూసినట్టు నాకే సిగ్గేసి మానుకున్నాను.

ఇరవై రెండో రోజు పిల్లను మా చేతికిచ్చారు. సామాను కోసం గదికి తెచ్చాం. పిల్ల కళ్లు తెరుచుకుని ఉంది. మూడైంది. తలుపు చప్పుడు కాలేదు. ఇంకో పది నిమిషాలు చూశాం, కాలేదు. సునీత లేచి తలుపు తీసి గడపలో నిలబడింది. పిల్ల ముఖం మీది గుడ్డ తీసి, పెద్దవాళ్లకు చూపించినట్టు ఖాళీ వరండా వైపు ఎత్తి పట్టుకుంది.

"ఇగో అమ్మా, సూడు. ఇంటికి తీస్కపోతున్నం."

నేను చేతిలోని సంచి కింద పెట్టాను. ఆ రోజు అరిచినందుకు ఏమీ అనుకోకు తల్లీ అని పైకే అన్నాను. ఎవరితో అన్నానో నాకు ఈనాటికీ తెలియదు.