డోరు వెనక ఎర్ర లైటు

ఏళ్ళుగా ఒక అబద్ధం నా గుండె మీద కూర్చుని ఉంది. బండి తోలుతున్నా ఉంది, అన్నం తింటున్నా ఉంది. నేను అయిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఇంత రాయడం ఇదే మొదలు. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మాది సంతబొమ్మాళి వైపు సముద్రం ఒడ్డు. మా అక్క పెనిమిటి, మా బావ, పడవ నడిపేవాడు. నీళ్ళ రంగు చూసి చేపల గుంపు ఎక్కడుందో చెప్పేవాడు. "అదుగో, అక్కడ నీల్లు నల్లబడినాయి. ఎయ్యండ్రా వల" అనేవాడు. మాకు ఒట్టి నీళ్ళే కనబడేవి. వేస్తే చేప ఉండేది. నాకు పడవెక్కితే కడుపులో తిప్పుతుంది. అందుకే చిన్న లగేజీ బండి కొనుక్కున్నాను. అయినా అప్పుడప్పుడు పడవెక్కేవాణ్ణి. చేపల కోసం కాదు. బావ అలా చెయ్యి చాపి చూపిస్తుంటే పక్కన నిలబడటం కోసం.

ఒక సాయంత్రం ఆయన వలని పక్క ఊరి ఒడ్డుకి చేర్చాల్సి వచ్చింది. పడవ కుర్రాళ్ళూ నేనూ బండిలోకి వల ఎక్కిస్తుండగానే బావ మోటారు సైకిల్ కోసం ఇంటికి బయల్దేరాడు. వెళ్తూ వెళ్తూ అరిచాడు.

"మెల్లగా తోలరా బావమరిదీ! నా వల జారిందంటే నిన్నే ముడేసి సముద్రంలోకి ఇసిరేత్తాను!"

"నాకేటి పడతాది బావా, ఎండ్రకాయలా?" అన్నాను.

అందరూ నవ్వారు. ఆ నవ్వే చివరిది.

వల కుప్ప బండిలో పట్టలేదు. వెనక డోరు మూతపడలేదు. కిందకి వేలాడదీశాను. మా దగ్గర అందరం అంతే చేస్తాం. ఈ చిన్న బండ్లకి ఎర్ర లైట్లు వెనక కిందనే ఉంటాయి, డోరు వేలాడితే సరిగ్గా వాటి మీద పడుతుంది. ఆ సంగతి నాకు తెలీదా? తెలుసు. దగ్గరే కదా, వెలుతురింకా ఉంది కదా అనుకున్నాను. వల చివర ఎర్ర గుడ్డ ఒకటి కట్టి, చాలనుకున్నాను.

పొద్దు గూకింది. హెడ్ లైటు వెయ్యాలో వద్దో తెలియని వేళ. అయినా వేశాను. ఎదురుగా గేదెలు అడ్డం వచ్చాయి. బ్రేకు కొట్టాను. వెనక దడేల్‌మంది.

నన్ను అందుకోవాలని వచ్చిన బావ నా బండినే గుద్దాడు. వల మెత్తగా అడ్డుపడబట్టి ప్రాణం నిలిచింది. కాలు విరిగింది. వల సగం లాగి రోడ్డు పక్కన పడేసి, మిగిలిన దాని మీద బావని పడుకోబెట్టాను. జారిపోకుండా డోరు ఎత్తి గొళ్ళెం పెట్టాను. అప్పుడు లైట్లు బయటపడ్డాయి. ఎర్రగా, నిక్షేపంగా. డోరు మూసినప్పుడు నా మనసులో ఏ దొంగబుద్ధీ లేదు. లేదనే అనుకుంటున్నాను. ఉందా?

మూగిన జనంలో ఒకాయన అన్నాడు. "లైట్లు బాగానే ఎలుగుతన్నాయి గదా. ఎనకాలోడే సూసుకోనేదు."

నేను బండెక్కి స్టార్ట్ చేశాను.

టెక్కలి ఆసుపత్రిలో బావ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఒరే, నువ్వు బ్రేకేసినప్పుడు లైటు ఎలిగినాదేటి? నాకు అగుపడనేదురా."

"ఎలిగింది బావా."

"నిజమేనా?"

"అందరూ సూసినారు గదా."

ఆయన నా చెయ్యి వదిలేశాడు. "అయితే నా కళ్ళే పోయినాయన్నమాట" అన్నాడు.

లైటు వెలిగింది, అది నిజమే. డోరు వెనక వెలిగింది. ఆ సగం నిజాన్ని పట్టుకునే ఇన్నేళ్ళూ నన్ను నేను మోసం చేసుకున్నాను.

కాలు అతికింది. బావ మళ్ళీ పడవెక్కలేదు. కళ్ళ డాక్టరు చూపు బాగుందన్నాడు. "ఆయన పగలు సూసినాడు. నాది సందేళ తప్పిన సూపు. నన్ను నమ్మి వచ్చినోల్లని ముంచేత్తే?" అన్నాడు బావ. మా అక్క ఎన్నిసార్లు బతిమాలిందో. ఇప్పుడు ఒడ్డున కూర్చుని వలలు అల్లుతాడు.

నా బండికి పైన, క్యాబిన్ వెనక, రెండు ఎర్ర లైట్లు పెట్టించాను. మా వైపు బండ్లవాళ్ళందరికీ పెట్టించుకోమని చెబుతుంటాను. ఎందుకని అడిగితే మాట మారుస్తాను. పలాస వెళ్ళొచ్చేటప్పుడు ముందు బండికి ఎర్ర లైటు వెలిగితే చాలు, నాకు బావ గొంతు వినబడుతుంది. వల ఎయ్యండ్రా అన్న గొంతు. ఆ గొంతు ఇంకొక్కసారి వినాలని ఉంది. నేనే దాన్ని ఆపానని చెప్పకుండా, అది వినాలనుకోవడం ఏం న్యాయం?

ఆయనకింకా చెప్పలేదు. చెబితే కాలు విరిగినందుకు క్షమిస్తాడేమో. పోయిన సముద్రానికి? నాకు తెలీదు. కాగితం మీద పెట్టాక మాత్రం ఊపిరి కొంచెం లోపలిదాకా వెళ్తోంది.

నిన్న ఒడ్డున బావ వల అల్లడం ఆపి నీళ్ళవైపు చూశాడు. చెయ్యి కొంచెం లేచింది, చూపించబోయినట్టు. మళ్ళీ ఒళ్ళోకి దించేసుకున్నాడు. ఆయనకి కనబడుతోంది. కనబడుతోందని ఆయన నమ్మడు.